పాత పాయింట్ అండ్ క్లిక్ గేమ్‌లను నేటి కన్సోళ్లకు తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పెరిగి, కంప్యూటర్ చదువులు చదువుతూ గేమ్‌ల తయారీ మీద ఆసక్తి పెంచుకున్న విద్యార్థులు మమ్మల్ని తరచుగా ప్రశ్నలు అడుగుతుంటారు. కన్సోల్ (టీవీకి కలిపి ఆడే గేమ్ యంత్రం) కొన్న తరువాత చిన్ననాటి ఆటలు దానిమీద దొరకడం లేదని వాపోయే పెద్దలూ అడుగుతుంటారు. వారందరికీ ఇక్కడ ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం. కొన్ని ప్రశ్నలకు రెండు వాక్యాలు చాలు, కొన్నింటికి చాలవు.

ఏ ఆటలను పాయింట్ అండ్ క్లిక్ అంటారు?

తెర మీద కనిపించే వస్తువును మౌస్‌తో చూపి, నొక్కి, కథలోని పాత్ర చేత దాన్ని పరిశీలింపజేయడం, తీయించడం, మరొక వస్తువుతో కలిపించడం ద్వారా ముందుకు సాగే ఆటలివి. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1987లో విడుదల చేసిన మేనియాక్ మాన్షన్, 1990లో వచ్చిన ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్, 1993 నాటి మిస్ట్, గేబ్రియల్ నైట్, 1996 నాటి బ్రోకెన్ స్వోర్డ్ ఈ కోవలో బాగా పేరుపొందాయి. వీటిలో పోరాటాలు తక్కువ, సంభాషణలు, చిక్కుముడులు ఎక్కువ.

కంప్యూటర్‌లో ఎలాగూ ఆడుకోవచ్చు కదా, కన్సోల్‌కు తేవడం దేనికి?

కంప్యూటర్ ఉన్నవారు నిశ్చింతగా ఆడుకోవచ్చు. అయితే మా వైపు చాలా ఇళ్లలో ఇప్పుడు ఫోన్ ఉంది, టీవీ ఉంది, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే అన్నయ్య పండగకు వచ్చినప్పుడు వదిలివెళ్లిన పాత ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో ఉంది కానీ, బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్ లేదు. పైగా ఇవి నలుగురూ కూర్చుని ఆడుకోవడానికి అనువైన ఆటలు. కంట్రోలర్ ఒకరి చేతిలో ఉన్నా, ఇందాక దొరికిన తాడు ఇంకా వాడలేదని గుర్తుచేసేది పక్కనున్న చెల్లెలు కావచ్చు, వంటింట్లోంచి తొంగిచూసిన అమ్మ కావచ్చు. అందుకు టీవీ తెరే తగినది.

ఇంతకుముందు ఎవరూ ఈ ప్రయత్నం చేయలేదా?

చాలాసార్లు చేశారు. మేనియాక్ మాన్షన్ 1990లోనే అమెరికాలో నింటెండో ఎన్‌ఈఎస్ మీదికి వచ్చింది. పిల్లల యంత్రమన్న కారణంతో నింటెండో అభ్యంతరం చెప్పిన మాటలను, బొమ్మలను అందులోంచి తొలగించారు. మంకీ ఐలాండ్ సెగా సీడీకి, మిస్ట్ సాటర్న్, ప్లేస్టేషన్ వంటి యంత్రాలకు వచ్చాయి. మొదటి ప్లేస్టేషన్ మీది బ్రోకెన్ స్వోర్డ్ ఆ యంత్రానికి విడిగా అమ్మిన మౌస్‌ను కూడా స్వీకరించేది. తరువాత కొంతకాలం స్తబ్ధత. 2009లో మంకీ ఐలాండ్ కొత్త బొమ్మలతో, గొంతులతో ఎక్స్‌బాక్స్ 360కి రావడంతో రెండో దశ మొదలైంది. గ్రిమ్ ఫాండాంగో 2015లో, డే ఆఫ్ ద టెంటకిల్ 2016లో, ఫుల్ థ్రాటిల్ 2017లో డబుల్ ఫైన్ సంస్థ చేతుల మీదుగా పునరుద్ధరణ పొందాయి.

మౌస్ లేనప్పుడు కంట్రోలర్‌తో ఎలా ఆడిస్తారు?

పోర్ట్ చేసేవారి, అంటే ఒక యంత్రం మీది ఆటను మరో యంత్రానికి తెచ్చేవారి, శ్రమలో పెద్ద వాటా దీనిదే, మా ఉద్దేశంలో ఆట నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఒక లెక్క చూడండి. పాత ఆటల బొమ్మ అడ్డంగా 320 పిక్సెళ్లు. నేల మీద పడి ఉన్న తాళంచెవి వెడల్పు 6 పిక్సెళ్లనుకుందాం. ఆ బొమ్మను 1080 గీతల టీవీలో నాలుగుకు మూడు నిష్పత్తిలో చూపితే వెడల్పు 1440 పిక్సెళ్లవుతుంది, తాళంచెవి 27 పిక్సెళ్లవుతుంది. స్టిక్‌ను (కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే చిన్న పుల్లను) పూర్తిగా వంచినప్పుడు కర్సర్ ఒక సెకనులో బొమ్మను దాటాలని నిర్ణయిస్తే, సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) చొప్పున అది ఫ్రేముకు 24 పిక్సెళ్లు జరుగుతుంది. అంటే తాళంచెవి మీద కర్సర్ ఉండేది ఒక ఫ్రేముకు కాస్త ఎక్కువసేపు. ఏ చేయీ దాన్ని అక్కడ ఆపలేదు. పోనీ వేగాన్ని నాలుగోవంతుకు తగ్గిస్తే తెర ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లడానికి నాలుగు సెకన్లు పడుతుంది. గంటసేపు ఆడితే అందులో ఎంత భాగం కర్సర్‌ను ఈడ్చడానికే పోతుందో ఊహించవచ్చు.

అందువల్ల వేగాన్ని ఒకే రేటున ఉంచరు. స్టిక్‌ను ఎంత వంచారన్న విలువను వర్గం చేసి వేగంగా వాడితే, సగం వంపుకు నాలుగోవంతు వేగమే వస్తుంది కనుక దూరప్రయాణం, సున్నితమైన సర్దుబాటు రెండూ ఒకే స్టిక్‌తో సాధ్యమవుతాయి. దానికి తోడు వస్తువు దగ్గరికి రాగానే కర్సర్ వేగం తగ్గేలా, కొద్దిగా దానివైపు లాగబడేలా ఏర్పాటు చేస్తారు. ఈ లాగుడు ఆటగాడికి తెలియనంత స్వల్పంగా ఉండాలి. తెలిసిందంటే, పక్కపక్కనే రెండు వస్తువులున్నప్పుడు కర్సర్ తాను కోరని దానికి అంటుకుపోతోందని విసుగు పుడుతుంది.

కర్సర్‌ను పూర్తిగా వదిలిపెట్టి, స్టిక్‌తో పాత్రనే నడిపించడం మరో మార్గం. మంకీ ఐలాండ్ రెండో భాగపు 2010 కూర్పులో ఈ సౌకర్యం ఉంది. 2022లో వచ్చిన రిటర్న్ టు మంకీ ఐలాండ్ కూడా కంట్రోలర్ పట్టుకున్నవారికి ఇదే పద్ధతిని ఇస్తుంది. గ్రిమ్ ఫాండాంగో కథ తిరగబడింది. 1998లో అది కంప్యూటర్ మీద కూడా మౌస్ లేకుండా, పాత్రను తిప్పుతూ నడిపించే పద్ధతిలో వచ్చింది. పదిహేడేళ్ల తరువాతి కూర్పులో దానికి పాయింట్ అండ్ క్లిక్‌ను కొత్తగా చేర్చారు.

క్రియల సంగతి మరచిపోకూడదు. తెర కింద తొమ్మిది క్రియల పట్టిక ఉన్న ఆటలో ప్రతి చర్యకూ కర్సర్ కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. మౌస్‌కు అది అర సెకను పని, స్టిక్‌కు ప్రయాణం. 2009 నాటి మంకీ ఐలాండ్ కూర్పు క్రియలను, సంచిలోని వస్తువులను వేర్వేరు మెనూల్లో దాచడంతో, ఒక వస్తువును మరొకదానితో కలపడం నలుగురికీ చికాకైంది. డే ఆఫ్ ద టెంటకిల్ పునరుద్ధరణలో వస్తువును ఎంచుకోగానే దాని చుట్టూ క్రియలు చక్రంలా వచ్చే ఏర్పాటు చేశారు. ఇప్పటివరకు కనిపించిన పరిష్కారాల్లో మాకు నచ్చినది అదే.

నింటెండో స్విచ్‌ను చేతిలో పట్టుకున్నప్పుడు తెరను తాకి ఆడవచ్చు, టీవీకి కలిపినప్పుడు ఆ అవకాశం ఉండదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కంట్రోలర్‌ను దాని పక్క అంచు మీద నిలిపి బల్ల మీద జరిపితే మౌస్‌లా పనిచేస్తుంది. ఈ ఆటలకు ఇంత అనువైన కంట్రోలర్ మునుపెన్నడూ రాలేదు, అయితే సోఫాలో కూర్చున్నవారికి ఆ బల్ల ఎక్కడిది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

నొక్కదగిన వస్తువులన్నీ ఒక బటన్‌తో వెలిగేలా చేస్తే సరిపోదా?

చాలా పోర్టులు ఇప్పుడు అదే చేస్తున్నాయి, దానివల్ల మేలూ కీడూ రెండూ ఉన్నాయి. పాత ఆటల్లో కొన్ని వస్తువులు రెండు మూడు పిక్సెళ్లంత చిన్నవి, నేల రంగులోనే కలిసిపోయేవి. వాటిని వెతకడంలో బుద్ధికి పనేమీ లేదు, తెరను వరుసగా తుడవడమే ఉంది. అలాంటిచోట వెలుగు చూపడం ఉపకారమే.

కానీ ప్రతి చిక్కుముడీ అలాంటిది కాదు. గదిలోని ఇరవై వస్తువుల్లో గోడ మీది పటం కొంచెం వంకరగా ఉందని గమనించడమే చిక్కుముడి అయినప్పుడు, బటన్ నొక్కగానే ఆ పటం మీద చుక్క వెలిగితే గమనించే పని ఆటగాడికి బదులు యంత్రం చేసేసింది. బంపర్ బటన్లతో (కంట్రోలర్ పై అంచున చూపుడువేళ్లకు అందే బటన్లతో) ఒక వస్తువు మీద నుంచి మరొకదాని మీదికి గెంతించే పద్ధతిలోనూ ఇదే నష్టం ఉంది, పైగా ఇక్కడ ఆటగాడు సహాయం కోరకపోయినా రహస్యం బయటపడుతుంది. అందుకే మేము పాటించే నియమం ఇది: కర్సర్‌ను లాగే అదృశ్యమైన సహాయం ఎప్పుడూ ఉండాలి, వస్తువులను చూపే సహాయం మాత్రం ఆటగాడు అడిగినప్పుడే రావాలి, దాగి ఉండడమే చిక్కుముడి అయిన వస్తువులను ఆ రెండో సహాయం చూపకూడదు. దీనికోసం ఆటలోని ప్రతి గదినీ, ప్రతి వస్తువునూ ఒక మనిషి కూర్చుని పరిశీలించాలి, దాన్ని ప్రోగ్రామ్‌కు వదిలేయలేం. ఆ పరిశీలన ఎగ్గొట్టిన పోర్టు ఏదో పావుగంట ఆడితే తెలిసిపోతుంది.

చేతివేగం అవసరమైన చిక్కుముడులు మరొక తలనొప్పి. బ్రోకెన్ స్వోర్డ్‌లో ఐర్లండ్ శిథిలాల దగ్గర మేకను తప్పించుకునే ఘట్టం ఎంత అపఖ్యాతి పొందిందంటే, 2009 నాటి డైరెక్టర్స్ కట్‌లో దాన్ని సులభతరం చేశారు. సమయంతో ముడిపడిన చోట్ల కంట్రోలర్‌కు గడువు పెంచడం మోసమేమీ కాదు. మౌస్‌కు ఇచ్చిన గడువును స్టిక్‌కు కూడా అంతే ఇవ్వడమే అన్యాయం.

స్కమ్‌వీఎం ఉండగా ఇంకా కష్టమేమిటి?

మేనియాక్ మాన్షన్ కోసం తయారుచేసిన స్కమ్ వ్యవస్థలో ఆట దత్తాంశం (డేటా) వేరు, దాన్ని నడిపే ప్రోగ్రామ్ వేరు. ఆ విభజన వల్లే 2001లో మొదలైన స్కమ్‌వీఎం ప్రాజెక్టు, నడిపే ప్రోగ్రామ్‌ను కొత్తగా రాసి, మీ దగ్గరున్న పాత డిస్కులోని ఫైళ్లను నేటి యంత్రాల మీద నడిపించగలుగుతోంది. ఇప్పుడది స్కమ్ ఆటలకే కాక సియరా, రెవల్యూషన్ తదితర సంస్థల ఆటలకూ పనిచేస్తుంది.

చిక్కు సాంకేతికం కాదు, లైసెన్సుది. స్కమ్‌వీఎం జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ప్రోగ్రామ్‌ను పొందిన ప్రతివారికీ దాని మూలకోడ్ (సోర్స్ కోడ్) కూడా ఇవ్వాలని ఆ లైసెన్సు అంటుంది. కన్సోల్ కంపెనీలు తమ అభివృద్ధి పరికరాల వివరాలు ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం రాయించుకుంటాయి. ఈ రెండింటినీ ఒకేసారి పాటించడం చాలా కష్టం. 2008లో నింటెండో వారి వీ (Wii) యంత్రానికి వచ్చిన కొన్ని పిల్లల ఆటల లోపల స్కమ్‌వీఎం కోడ్ ఉందని ఆ ప్రాజెక్టు వారు గుర్తించారు. వ్యవహారం లాయర్ల దాకా వెళ్లి మరుసటి ఏడాది రాజీతో ముగిసింది.

కాబట్టి వ్యాపారపరంగా విడుదల చేసేవారు అసలు మూలకోడ్‌ను సంపాదించాలి, లేదా ఆటను నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే ఇంజన్‌ను, తామే సొంతంగా రాసుకోవాలి. మంకీ ఐలాండ్ 2009 కూర్పులో కొత్త బొమ్మల అడుగున పాత ఆటే నడుస్తూ ఉంటుంది, అందుకే ఒక్క బటన్‌తో పాత రూపానికి మారగలం. మూలకోడ్ పోయినప్పుడు ఏం జరుగుతుందో 1997 నాటి బ్లేడ్ రన్నర్ ఆట చూపింది. దాని మూలకోడ్ దొరకనందున నైట్‌డైవ్ సంస్థ వెనక్కి విప్పుకుంటూ పునర్నిర్మించి 2022లో విడుదల చేసింది. బొమ్మల స్పష్టత తగ్గిందని ఆటగాళ్ల నుంచి తీవ్ర విమర్శ రావడంతో అసలు ఆటను కూడా దానికి జతచేసింది.

కాలానికి సంబంధించిన లోపాలూ తలెత్తుతాయి. కొన్ని సియరా ఆటలు మొదట్లో యంత్రం వేగాన్ని కొలుచుకుని దాన్నిబట్టి నడిచేవి. ఆ కొలత నేటి ప్రాసెసర్‌కు అర్థంలేని విలువ ఇస్తుంది కనుక, అటువంటివన్నీ వెతికి సరిచేయాలి.

ముప్పై ఏళ్ల పాత ఆట కదా, ఎవరైనా తీసుకుని విడుదల చేయవచ్చా?

చేయకూడదు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య కృతి కిందికి వస్తుంది, రచయిత మరణించాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. దుకాణాల్లో దొరకకపోవడం, కంపెనీ మూతపడడం హక్కును రద్దుచేయవు. మీరు కొన్న ప్రతికి రక్షణ కోసం నకలు తీసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది, అమ్ముకోవడానికి కాదు.

హక్కుదారు ఎవరో తేల్చడమే ఒక్కోసారి పెద్ద పని. లూకాస్‌ఫిల్మ్‌ను 2012లో డిస్నీ కొన్నది, దాని ఆటల విభాగమైన లూకాస్‌ఆర్ట్స్ స్టూడియోను 2013లో మూసేసింది. అందువల్ల మంకీ ఐలాండ్‌కు డిస్నీతో మాట్లాడాలి. సియరా ఆటలు యాక్టివిజన్ ద్వారా 2023లో మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. బినీత్ ఎ స్టీల్ స్కై, ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్ వంటి కొన్నింటిని హక్కుదారులే ఉచితంగా విడిచిపెట్టారు. నేర్చుకోదలచినవారు వాటితో మొదలుపెట్టాలి. ఉచితంగా ఆడుకునే వీలు ఉందంటే కన్సోల్ దుకాణంలో పెట్టి అమ్ముకునే హక్కు ఉన్నట్టు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

బొమ్మలను కొత్తగా గీయించాలా, పాతవే ఉంచాలా?

రెండూ ఉంచి, మార్చుకునే బటన్ ఇవ్వాలన్నది మా అభిప్రాయం. కొత్త బొమ్మలు గీయించే స్థోమత లేకపోతే పాతవాటిని సరైన కొలతలో చూపడం మేలు. 320 బై 200 బొమ్మ నాటి మానిటర్ మీద నిలువుగా సాగి నాలుగుకు మూడు నిష్పత్తిలో కనిపించేది. చిత్రకారులు దాన్ని దృష్టిలో పెట్టుకునే గీశారు. ఆ సాగుదల ఇవ్వకుండా నేరుగా పెద్దది చేస్తే మనుషులు పొట్టిగా, వృత్తాలు కోడిగుడ్లలా కనబడతాయి. వెడల్పు టీవీ నిండాలని అడ్డంగా లాగడం అంతకన్నా ఘోరం. పక్కల నల్లటి ఖాళీ ఉంటే ఎవరికీ నష్టం లేదు. గ్రిమ్ ఫాండాంగో పునరుద్ధరణలో ముందే చిత్రించిన నేపథ్యాలను పాత కొలతలోనే ఉంచి, పాత్రలకు, వెలుతురుకు మెరుగులు దిద్దారు.

సంగీతం విషయంలో జాగ్రత్తలేమిటి?

1991 నాటి మంకీ ఐలాండ్ రెండో భాగంలో ఐమ్యూజ్ అనే వ్యవస్థ ఉంది. ఉడ్‌టిక్ ఊళ్లో ఒక్కో గదిలోకి వెళ్లినప్పుడు అదే పాట ఆగకుండా కొత్త వాద్యంతో సాగుతుంది, బయటికి రాగానే మళ్లీ మొదటి ధోరణిలో కలుస్తుంది. స్వరాలు సూచనల రూపంలో ఉండి యంత్రం అప్పటికప్పుడు వాయించడం వల్ల అది సాధ్యమైంది. స్టూడియోలో రికార్డు చేసిన పాట ధ్వని బాగుంటుంది కానీ, ఎక్కడపడితే అక్కడ మలుపు తీసుకోలేదు. కొత్త రికార్డింగ్ చేయించేవారు ప్రతి వాద్యాన్నీ విడి ట్రాకుగా తీసుకుంటేనే ఆ మలుపులు దక్కుతాయి.

తెలుగులో ఆడే వీలు కల్పించవచ్చా? ఒడియాలో?

కల్పించవచ్చు, అయితే ఇది అనువాదకుడిని కూర్చోబెడితే అయిపోయే పని కాదు. పాత ఇంజన్లు ఒక అక్షరానికి ఒక బైటు, ఒక బొమ్మ అన్న లెక్కన నడుస్తాయి, వాటి అక్షరాలు ఎనిమిది గీతల ఎత్తున ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే అయినా, గుణింతాలు, ఒత్తులు కలిపి తెర మీద గీయవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని ఎనిమిది గీతల్లో ఇరికించి చూడండి. ఒడియా సంయుక్తాక్షరాలదీ ఇదే పరిస్థితి. కనుక బొమ్మను పాత కొలతలో ఉంచినా, మాటలను దానిపైన పూర్తి స్పష్టతతో వేరే పొరగా వేయాలి. మూడు మీటర్ల దూరం నుంచి టీవీ చూసేవారికి ఏ భాషలోనైనా ఈ పొర అవసరమే.

అక్షరాలను కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. ఆటల తయారీకి వాడే గోడో 4 ఇంజన్ దాన్ని వాడుతుంది కాబట్టి తెలుగు సరిగ్గా వస్తుంది. అలాంటిదే అయిన యూనిటీ ఇంజన్‌లో అక్షరాల కోసం అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని చేయదు, ఒత్తులు చెదిరిపోతాయి. అక్కడ వేరే ఏర్పాటు చేసుకోవాలి. వాక్యనిర్మాణం ఇంకో అడ్డంకి. పాత ఆట ముందు క్రియ, తరువాత వస్తువు పేరు అతికించి వాక్యం తయారుచేస్తుంది. మనకు 'తాళంచెవిని తలుపుకు వాడు' అని రావాలంటే ప్రతి వస్తువుకూ విభక్తితో కూడిన రూపాలు విడిగా రాసిపెట్టి, అతికించే వరుసను ఇంజన్‌లోనే మార్చాలి.

మా జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు చదివే పిల్లలున్నారు. వారిలో తెలుగు మాటలు విని ఆనందించగలిగీ, తెలుగు లిపి వేగంగా చదవలేనివారు తక్కువేమీ కాదు. అందుకే అవకాశముంటే గొంతు తెలుగులో, అక్షరాలు ఒడియాలో పెట్టుకునేలా రెండు ఎంపికలను విడదీయమని మేము సూచిస్తాం. మాటల భాష, రాత భాష ఒకటే కావాలని బిగించిన మెనూలు ఇక్కడివారికి పనికిరావు.

బరంపురం వంటి ఊళ్లో ఉండి కన్సోల్‌కు పోర్ట్ చేయగలమా?

చేయగలరు. మైక్రోసాఫ్ట్‌కు ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్, సోనీకి ప్లేస్టేషన్ పార్ట్‌నర్స్, నింటెండోకు డెవలపర్ పోర్టల్ ఉన్నాయి, వీటన్నింటికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. భారతీయ డెవలపర్ల కోసం సోనీ 2023లో ఇండియా హీరో ప్రాజెక్టును కూడా ప్రారంభించింది. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మకాలు జరపడం లేదు కనుక, స్విచ్ కోసం చేసే ఆటకు కొనుగోలుదారులు ప్రధానంగా విదేశాల్లోనే ఉంటారని ముందే లెక్కవేసుకోవాలి.

ఆమోదం రాకముందు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, కంట్రోలర్ తగిలించి, దూరంగా కూర్చుని ఆడితే కర్సర్ వేగం, అక్షరాల పరిమాణం, మెనూల వరుస వంటి ముఖ్యమైన నిర్ణయాలన్నీ తేలిపోతాయి. ఈ ఆటలు ఎన్నడూ ఎరగని వ్యక్తిని, ఇంట్లో పెద్దవాళ్లయితే మరీ మంచిది, ఆడమని చెప్పి మీరు నోరు మెదపకుండా చూడండి.

కరెంటు పోతే ఆట ఏమవుతుంది?

తుఫాను రోజుల్లో ఈ ప్రశ్న అడగనివారు లేరు. పాత ఆటల్లో సేవ్ చేసుకోవడం ఆటగాడి బాధ్యత. నేటి పోర్టులో గది మారినప్పుడల్లా తనంతట తాను సేవ్ కావాలి, ఆటగాడు సొంతంగా దాచుకున్నవాటిని అది చెరపకూడదు. రాస్తుండగా కరెంటు పోయినా పాత ఫైలు మిగలాలంటే, కొత్తదాన్ని వేరే పేరుతో పూర్తిగా రాసిన తరువాతే పాతదాని స్థానంలో పెట్టాలి.

సొంతంగా ఇలాంటి కొత్త ఆట తయారుచేస్తున్నాం. తరువాత కన్సోల్‌కు తేవాలంటే ఇప్పుడే ఏం చూసుకోవాలి?

అడ్వెంచర్ గేమ్ స్టూడియో వంటి ఉచిత పరికరంతో మొదలుపెట్టినా, గోడోతో మొదలుపెట్టినా, కన్సోల్‌కు దారి ఎవరి ద్వారా, ఎంత ఖర్చుతో ఉందో ముందే విచారించండి. గోడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక కన్సోల్ కోడ్ అందులో ఉండదు, దానికి వేరే సంస్థల సేవలు తీసుకోవాలి. మాటలన్నీ కోడ్‌లో కాకుండా విడి ఫైలులో ఉంచండి. మౌస్ ఉన్నప్పుడు మాత్రమే సాధ్యమయ్యే చిక్కుముడి పెట్టకండి. బొమ్మల పొరలు విడిపోయి ఉన్న అసలు ఫైళ్లు, గొంతుల అసలు రికార్డింగులు, మూలకోడ్ రెండు వేర్వేరు ఊళ్లలో దాచండి. గొంతు ఇచ్చినవారితో, పాట కట్టినవారితో రాసుకునే ఒప్పందంలో ఏ యంత్రం మీదైనా విడుదల చేసే హక్కు మీకుందని స్పష్టంగా ఉండాలి. స్నేహితులే కదా అని కాగితం వదిలేసినవారు తరువాత ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ సంతకాల కోసం తిరగవలసి వస్తుంది.